మూడు రోజులు, ముగ్గురు పిచర్లు

ఫిల్మ్ నగర్‌లో నిలబడి "పిచర్లు కావాలి" అంటే ఏమవుతుందో మా మేనేజర్ గారు ముందుగా ఆలోచించలేదు. టీ కొట్టు దగ్గర ఆగి, ఆదివారం పొద్దున మా గోడౌన్ దగ్గర ముగ్గురు పిచర్లను ఎంపిక చేస్తున్నాం, ఎవరైనా ఉంటే పంపించు అని చెప్పి వచ్చారట. టీ కొట్టతనికి అది "పిక్చర్" అని వినిపించింది. ఒకటి కాదు, ఒకేసారి మూడు పిక్చర్లు. ఆదివారం నేను వెళ్లేసరికి గోడౌన్ గేటు ముందు ఒక గుంపు ఉంది. అందరూ నున్నగా దువ్విన జుట్లతో, ఇస్త్రీ చొక్కాలతో, చంకలో ఫోటో ఆల్బమ్‌లు పెట్టుకుని నిలబడ్డారు. ఒకతను నన్ను కూడా వేషం కోసం వచ్చినదాన్నే అనుకున్నాడు కాబోలు, ఆడవాళ్ల వరస అటువైపు అని చూపించాడు.

అది తొంభైల మొదట్లో సంగతి. నేను జూబ్లీహిల్స్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో గేమ్స్ టీచర్ని. యూనివర్సిటీలో చదివే రోజుల్లో బేస్‌బాల్‌కి చెల్లెలు లాంటి సాఫ్ట్‌బాల్ ఆడాను, అందులో క్యాచర్ని. పిచర్ విసిరిన బంతి బ్యాటు దాటి వస్తే పట్టుకునే మనిషన్నమాట. ముఖానికి జాలీ, కాళ్లకు ప్యాడ్లు కట్టుకుని గొంతుక్కూర్చుని, ఎదురుగా వచ్చే బంతిని చూస్తూ మూడేళ్లు గడిపాను. ఉద్యోగంలో చేరాక పిల్లల చేత లెజిమ్, కబడ్డీ ఆడించడమే పని. ఆ బంతి గ్లవ్‌లో పడ్డప్పటి చప్పుడు మాత్రం చెవిలోంచి పోలేదు.

మేనేజర్ గారిది తెనాలి వైపు. షూటింగులకు కెమెరాలు, లైట్లు అద్దెకిచ్చే ఔట్‌డోర్ యూనిట్ ఒకటి ఆయన చేతి మీద నడిచేది. అంతకు ముందు ఏడాది ఎవరో నిర్మాత బేస్‌బాల్ ఆట మీద సినిమా తీద్దామని సామానంతా తెప్పించి, షూటింగ్ మొదలుపెట్టకుండానే మానుకున్నాడు. బ్యాట్లు, గ్లవ్స్, పెట్టెడు బంతులు గోడౌన్‌లో మూలపడ్డాయి. పనికొచ్చే వస్తువు ఊరికే పడి ఉంటే మేనేజర్ గారికి ప్రాణం ఒప్పదు. యూసుఫ్‌గూడ మైదానంలో నాలుగు జట్లతో బేస్‌బాల్ పోటీలు పెడుతున్నారని పేపర్లో చూసి, మా జట్టూ ఉందని పేరు ఇచ్చేసి వచ్చారు. పేరు ఇచ్చాకే ఆట తెలిసిన మనిషి కోసం వెతికారు. మా స్కూలు వార్షికోత్సవానికి లైట్లు పెట్టింది వాళ్ల యూనిట్టే కాబట్టి మా హెడ్మిస్ట్రెస్‌ని అడిగితే, ఆవిడ నన్ను చూపించింది. అలా పదిమంది లైట్‌మెన్లకీ, వ్యాన్ డ్రైవర్లకీ నేను కోచ్‌నయ్యాను. స్కూలు అయిపోయాక సాయంత్రాలు వాళ్లతో కొండరాళ్ల మధ్య ఉన్న ఖాళీ జాగాలో ప్రాక్టీసు చేయించేదాన్ని.

బరువులెత్తే మనుషులు కాబట్టి కొట్టడం బాగానే వచ్చింది. పరిగెత్తడం కూడా నేర్చుకున్నారు. విసిరేవాళ్లే లేరు. మేనేజర్ గారు, ఒక్క గట్టివాడు దొరికితే చాలు కదమ్మా, మూడు రోజులూ అతనే విసురుతాడు అన్నారు. అది కుదరదని చెప్పడానికి చాలా కష్టపడ్డాను. శుక్రవారం, శనివారం, ఆదివారం వరసగా మూడు మ్యాచ్‌లు. పిచర్ ఒక మ్యాచ్‌లో ప్రతి బంతీ ఒళ్లంతా తిప్పి విసరాలి. మర్నాటికి ఆ భుజం పైకి లేవదు. లేపితే పాడవుతుంది. అందుకని రోజుకొకర్ని మార్చి దించాలి, ఏ రోజు ఏ జట్టుందో చూసుకుని దానికి తగ్గవాడిని పెట్టాలి. ఆయన, కెమెరామన్‌కి రెండు షిఫ్టులు వరసగా వేస్తే మూడో పూట ఫోకస్ పోతుంది, అలాంటిదేనా అని అడిగారు. అలాంటిదే అన్నాను.

ఆ ఆల్బమ్‌ల వాళ్లందరికీ మేనేజర్ గారు సంగతి చెప్పి, వచ్చినవాళ్లు ఎలాగూ వచ్చారు, ఒక్కో బంతి విసిరి చూపించమన్నారు. కొందరు కోపంగా వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు వరసగా విసిరారు. నేను ముఖానికి జాలీ కట్టుకుని కూర్చున్నాను. బంతులు నా తల మీదుగా, గోడౌన్ రేకుల మీదికి, తుప్పల్లోకి వెళ్లాయి. గంట గడిచాక ఒక భారీ మనిషి వచ్చి నిలబడ్డాడు. సినిమాల్లో ఫైటర్. హీరో చేత దెబ్బలు తినే గుంపులో ఒకడు. బెజవాడ నుంచి వచ్చి నాలుగైదేళ్లయిందట. అతను విసిరిన మొదటి బంతి నా గ్లవ్ ఎక్కడుందో అక్కడికే వచ్చింది. గ్లవ్ కిందకి పెట్టాను. అక్కడికే వచ్చింది. పక్కకి పెట్టాను. అక్కడికీ వచ్చింది. మోకాళ్ల మీద నుంచి లేచి, ఇది ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను.

"మా పనే అదండీ మేడం గారూ. పిడికిలి హీరో గారి ముక్కు దగ్గరిదాకా వెళ్లాలి, తగలకూడదు. తగిలితే మర్నాడు పనుండదు" అన్నాడు.

పిచర్‌కి కావలసిందీ అదే. బంతి బ్యాటు పక్కనుంచే పోవాలి, దానికి చిక్కకూడదు. నాకు ఆ క్షణంలో గట్టిగా అరవాలనిపించింది. గేమ్స్ టీచర్ని కదా అని ఊరుకున్నాను.

రెండోవాడు విసరడానికి రాలేదు. ఆల్బమ్ పట్టుకొచ్చిన ఒక కుర్రాడిని ఆటోలో దింపి, తిరుగు కిరాయి కోసం గేటు దగ్గర ఆగిన డ్రైవర్ అతను. రహమత్ నగర్ మనిషి. పాతికేళ్లు ఉండవు. నిలబడిన తీరులోనే భుజాల బలం తెలుస్తోంది. నువ్వూ ఒకటి విసురు తమ్ముడూ అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"నేను బాల్ ముట్ట మేడం. రెండేండ్లాయె."

ఎందుకని అడిగాను. నేల చూస్తూ చెప్పాడు. లీగుల్లో క్రికెట్ ఆడేవాడట. ఫాస్ట్ బౌలర్. ఒక మ్యాచ్‌లో అంపైర్ వరసబెట్టి నో బాల్ ఇచ్చాడు. గీత దాటినందుకు కాదు. మోచెయ్యి వంచి విసురుతున్నాడని.

"నాది బౌలింగ్ కాదు, త్రో అన్నరు. అందరి ముందట అన్నరు. మా టీమోళ్లు గూడ నవ్విన్రు."

"ఇక్కడ మాకు కావలసింది త్రోనే" అన్నాను. "చెయ్యి ఎంత వంచుతావో వంచు."

అతను నా ముఖం చూశాడు, ఎగతాళి చేస్తున్నానేమోనని. తరవాత మేనేజర్ గారి వైపు చూశాడు. గట్లాంటి ఆట ఉంటదా అని అడిగాడు. ఉందని ఇద్దరం తలూపాం. అతను చెప్పులు విడిచి, బంతి తీసుకుని, చొక్కాకి రెండుసార్లు రుద్దాడు. అది క్రికెట్ అలవాటు. నేను కూర్చున్నాను. ఆ బంతి వచ్చిన వేగానికి నేను దాన్ని పట్టుకున్నానని చెప్పలేను, అదే వచ్చి నా గ్లవ్‌లో పడింది. చప్పుడు కొండరాళ్లకు తగిలి తిరిగి వచ్చింది. అరచెయ్యి మంట పుట్టింది. గేటు దగ్గర ఆల్బమ్‌ల వాళ్లు ఇటు తిరిగారు. ఇంకోటి వెయ్యి అన్నాను. అతను ఇంకోటి వేశాడు, ఇంకోటి వేశాడు, ఆపమని నేనే చెప్పాల్సి వచ్చింది. ఆల్బమ్ కుర్రాడు ఈలోగా వేరే ఆటో చూసుకుని వెళ్లిపోయాడు.

మూడో మనిషి కోసం ఇంకో వారం పట్టింది. మధురానగర్‌లో ఉండే ఒక బ్యాంకాయన, నలభైకి దగ్గరపడ్డవాడు, డాక్టరు నడవమన్నాడని రోజూ సాయంత్రం మా వైపు నడిచేవాడు. కళ్లజోడు జారిపోకుండా వెనక తాడు కట్టుకునేవాడు. ప్రాక్టీసు చూస్తూ నిలబడేవాడు. ఒకరోజు, నేనొకసారి విసరవచ్చా అండీ అని అడిగాడు. ఎడమచేతివాటం. బంతిని వేళ్లతో గట్టిగా పట్టుకోకుండా, సున్నుండ నలిగిపోతుందేమో అన్నట్టు అరచేతిలో పెట్టుకుని వదిలాడు. అది చాలా నెమ్మదిగా వచ్చింది. ఎంత నెమ్మదిగా అంటే, బ్యాటు పట్టుకున్న లైట్‌మన్ నవ్వుతూ ఊపేశాడు. బ్యాటు తిరిగిపోయాక బంతి వచ్చింది, వచ్చి సరిగ్గా కొట్టేవాడి పక్కన నేల మీద ఉండే ప్లేటు ముందు కిందికి జారింది. లైట్‌మన్ మళ్లీ ఊపాడు, మళ్లీ తగల్లేదు. కాసేపటికి మా జట్టులో మంచి కొట్టుడుగాళ్లందరూ ఒకరి తరవాత ఒకరు వచ్చి ఊపి, బ్యాటు కింద పడేసి వెళ్లారు. ఆయన మాత్రం, నేను కావాలని అలా వెయ్యట్లేదండీ, నాకు అంతకన్నా వేగం రాదు అన్నాడు.

అలా ముగ్గురు దొరికారు. ఇక ఎవరిని ఏ రోజు దించాలన్నదే మిగిలింది. అసలు ఉత్సాహం అక్కడ మొదలైంది నాకు.

పోటీలకు ముందు వారం రహమత్ నగర్ తమ్ముడి ఆటోలో వెళ్లి మిగతా మూడు జట్ల ప్రాక్టీసు చూసి వచ్చాం. శుక్రవారం మాకు పాతబస్తీ జట్టుతో మ్యాచ్. వాళ్లందరూ బలంగా కొట్టేవాళ్లు. వేగంగా వచ్చే బంతి అంటే పండగ, దేన్నీ వదలరు. శనివారం కాలేజీ కుర్రాళ్లు. ఓపిక ఎక్కువ, బంతిని చివరిదాకా చూస్తారు. చూడనివ్వనంత వేగం ఉంటేనే వాళ్లు లొంగుతారు. ఆదివారం సికింద్రాబాద్ జట్టు. అందరికన్నా పాతవాళ్లు, ఆట తెలిసినవాళ్లు. వాళ్ల ముందు వేగమొక్కటే సరిపోదు, ఎక్కడ పెట్టమంటే అక్కడ బంతి పెట్టగలగాలి. తిరుగు ప్రయాణంలో నేను ఆటోలో వెనక కూర్చుని బిగ్గరగా ఆలోచిస్తుంటే, తమ్ముడు అద్దంలోంచి చూస్తూ తన అభిప్రాయాలు కలిపేవాడు. అమీర్‌పేట దాటేసరికి మేడం అన్న పిలుపు అక్క అయింది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ చేరేసరికి మా క్రమం ఖాయమైంది. శుక్రవారం బ్యాంకాయన, శనివారం తమ్ముడు, ఆదివారం ఫైటర్.

మేనేజర్ గారు ఒప్పుకోలేదు. మొదటి రోజు సినిమావాళ్లు కొందరు చూడ్డానికి వస్తారు, వాళ్ల ముందు వేగంగా విసిరేవాడిని దించాలి గానీ బ్యాంకాయననా అన్నారు.

"ఆయన విసిరిన బంతి వచ్చేలోపు బ్యాటు పట్టుకున్నవాడు టీ తాగి రావచ్చమ్మా."

"తాగి రానివ్వండి. వచ్చినా కొట్టలేడు" అన్నాను.

చాలాసేపు వాదించుకున్నాం. చివరికి ఆయన, జట్టు నాది గానీ బంతి మీది, మీ ఇష్టం అని లేచి వెళ్లారు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. తప్పితే ఏమవుతుందన్న భయం కొంత ఉన్నమాట నిజమే. కానీ అంతకన్నా ఎక్కువగా, చూడబోతున్నానన్న సంతోషం.

శుక్రవారం బ్యాంకాయన సెలవు పెట్టి వచ్చాడు. ఆయన మైదానం మధ్యలోకి నడుస్తుంటే పాతబస్తీ జట్టు వైపు నుంచి ఎవరో, తాతను తెచ్చిన్రు అన్నారు. మొదటి ముగ్గురూ ఆ మాట అన్నంత హుషారుగానే ఊపారు. ముగ్గురూ ఔటయ్యారు. ఒకతను ఎంత ముందుగా తిప్పాడంటే, బ్యాటు ఊపి, తూలి, నిలదొక్కుకున్నాక బంతి గ్లవ్‌లో పడింది. జనం నవ్వు మొదలైంది. ఆ నవ్వుకి వాళ్లు ఇంకా బలంగా ఊపారు. ఇంకా తగల్లేదు. మధ్యలో ఒకసారి ఇద్దరు పట్టుదలగా కాచుకుని రెండు పెద్ద దెబ్బలు కొట్టారు గానీ, అప్పటికే మా లైట్‌మెన్లు కావలసినన్ని పరుగులు చేసి పెట్టారు. మ్యాచ్ గెలిచాక బ్యాంకాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, రేపు కూడా రమ్మంటారా అని అడిగాడు. రేపు ఆయనకు విశ్రాంతి అని చెప్తే కొంచెం నిరాశపడ్డాడు. మేనేజర్ గారు సినిమావాళ్లతో, మొదటి రోజు నెమ్మదివాడిని పెట్టడం ఒక ఎత్తుగడ అని వివరిస్తూ కనిపించారు.

శనివారం తమ్ముడి వంతు. రహమత్ నగర్ నుంచి వాళ్ల గల్లీ అంతా వచ్చి గట్టు మీద కూర్చుంది. అతను విసిరిన మొదటి బంతి నేను చూసిన వాటన్నిటిలోకీ అందమైనది. కాలేజీ కుర్రాడు బ్యాటు కదపలేదు. వెనక నిలబడ్డ అంపైర్ "స్ట్రైక్" అంటూ కుడిచెయ్యి పక్కకు చాచాడు.

రెండో బంతి నేలకు కొట్టాడు తమ్ముడు. మూడోది క్యాచర్‌గా పెట్టిన మా వ్యాన్ డ్రైవర్ తల మీదుగా పోయింది. నాలుగు బంతులు అడ్డదిడ్డంగా వేస్తే కొట్టేవాడు ఊరికే మొదటి బేస్‌కి నడిచి వెళ్తాడు. ఒకడు నడిచాడు. ఇంకొకడు నడిచాడు. మూడోవాడూ నడిచాడు. మధ్యలో ఎప్పుడైనా ఒక మంచి బంతి పడుతోంది, దాని వెంటనే మళ్లీ తప్పుతున్నాయి. నాలుగోవాడు కూడా నడవడంతో మొదటివాడు బేస్‌లన్నీ తిరిగి ప్లేటుకి చేరాడు, ఒక పరుగు పోయింది. మేనేజర్ గారు నా పక్కకి వచ్చి, ఫైటర్‌ని దించుదామా అని మెల్లగా అడిగారు. నేను మైదానంలోకి నడిచాను.

దగ్గరికి వెళ్లేసరికి అతని పెదవులు తెల్లగా ఉన్నాయి. భుజం నొప్పా అన్నాను. కాదన్నాడు. బంతి జారుతోందా అన్నాను. కాదన్నాడు. నా భుజం మీదుగా అంపైర్‌ని చూస్తున్నాడు.

"ఆయన చెయ్యి చాపుతుండు అక్కా."

అప్పుడు అర్థమైంది నాకు. క్రికెట్‌లో నో బాల్ ఇచ్చేటప్పుడు అంపైర్ చెయ్యి అచ్చం అలాగే పక్కకు చాస్తాడు. మా ప్రాక్టీసులో అంపైర్ లేడు. ఈ సైగ అతను మొదటిసారి చూస్తున్నాడు. మంచి బంతి వేసినప్పుడల్లా ఆ చెయ్యి లేస్తోంది, లేచినప్పుడల్లా ఇతని ప్రాణం జల్లుమంటోంది.

"అది నీకు ఇస్తున్నది తమ్ముడూ. నీ దగ్గర నుంచి తీసుకుంటున్నది కాదు. అది మూడుసార్లు లేస్తే వాడు ఔట్."

"తెల్సు. చెప్పినవ్ గదా. తెల్సు గానీ చూస్తే భయమైతుంది."

"ఈ ఆటలో నో బాల్ అన్నదే లేదు. నీ చెయ్యి ఎలా వంగినా అడిగేవాడు లేడు. ఆయన చెయ్యి ఎన్నిసార్లు లేపించగలవో చూడు."

అతను బంతిని చేతిలో తిప్పాడు. అంపైర్ వైపు ఇంకోసారి చూశాడు. ఈసారి చూసిన తీరు వేరు.

"అయితే ఇయ్యాల ఆయన చెయ్యి నొయ్యాలె" అన్నాడు.

నేను వెనక్కి వచ్చి కూర్చునేలోపే మొదటి స్ట్రైక్ పడింది. వెంటనే రెండోది, మూడోది. ఆ తరవాత వచ్చినవాళ్లకు ఏం వస్తోందో కనిపించలేదు. కొందరు ఊపారు, కొందరు ఊపడం కూడా మర్చిపోయారు. బంతి గ్లవ్‌లో పడ్డ ప్రతిసారీ అంపైర్ చెయ్యి లేచేది, లేచిన ప్రతిసారీ గట్టు మీద గల్లీ అంతా లేచేది. కొంతసేపటికి చిన్నపిల్లలు కూడా చేతులు పక్కకు చాచి అరుస్తున్నారు. మొదట్లో ఇచ్చిన ఆ పరుగు వెనక్కి తెచ్చుకుని ఇంకోటి చెయ్యడానికి మా వాళ్లకు చివరిదాకా పట్టింది, కానీ చేశారు. గెలిచాం. ఆట అయ్యాక అంపైర్ నిజంగానే భుజం రుద్దుకుంటూ వచ్చి, ఈ అబ్బాయి ఎక్కడివాడమ్మా అని అడిగారు.

సికింద్రాబాద్ జట్టు కూడా రెండూ గెలిచింది. ఆదివారం గెలిచినవాళ్లదే కప్పు.

ఆదివారం పొద్దున మైదానానికి వెళ్తే ఫైటర్ లేడు. మేనేజర్ గారు తలపట్టుకుని ఉన్నారు. తెల్లవారుజామున షూటింగుకి పిలుపు వచ్చిందట, ఫిల్మ్ నగర్‌లోనే ఒక బంగళాలో, రెండు షాట్లు తీసి వదిలేస్తామన్నారట. ఇంకా వదల్లేదు. అక్కడికి వ్యాన్ పంపించారు. ఆట మొదలయ్యే వేళైంది. తమ్ముడు నా ముందుకు వచ్చి, నేనేస్త అక్కా, నాకేం నొప్పి లేదు అన్నాడు. మేనేజర్ గారూ అదే అన్నారు. నిన్న ఆ ఆట చూశాక ఎవరైనా అదే అంటారు. ఆ మాట అంటున్నప్పుడు తమ్ముడు టీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకుని ఉన్నాడు. కుడిచేత్తో తాగమన్నాను. గ్లాసు ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది.

అతన్ని ఫస్ట్ బేస్ దగ్గర నిలబెట్టాను. అక్కడ పట్టుకునే పనే గాని విసిరే పని తక్కువ. పిచర్ స్థానంలో ఫైటర్ పేరే రాసి ఇచ్చాను. కొట్టేవాళ్ల వరసలో అతన్ని చిట్టచివర పెట్టాను. అప్పుడు టాస్ మీద అంతా ఆధారపడింది. టాస్ గెలిచాం, ముందు మేమే కొడతామన్నాను. మేము కొడుతున్నంతసేపు మాకు పిచర్ అక్కర్లేదు.

మా వాళ్లతో ఒకటే చెప్పాను. తొందరపడొద్దు, బాగాలేని బంతిని ముట్టుకోవద్దు, ఎంతసేపు నిలబడగలిగితే అంతసేపు నిలబడండి. లైట్‌మెన్లకు ఎదురుచూడటం కొత్త కాదు. హీరో మేకప్ అయ్యేదాకా ఎండలో రిఫ్లెక్టర్ పట్టుకుని నిలబడ్డవాళ్లు. నిలబడ్డారు. ఒకతను బూటు లేసు కట్టుకున్నాడు. ఒకతను బంతి తరవాత బంతి పక్కకు తోసి, సికింద్రాబాద్ పిచర్‌కి చెమటలు పట్టించి, చివరికి నడిచి వెళ్లాడు. ఒక పరుగు కూడా వచ్చింది. కానీ ఒకడు ఔటయ్యాడు, ఇంకొకడు ఔటయ్యాడు. మూడోవాడు ఔటైతే మేము బంతి పట్టుకోవాలి. నేను ఆటను చూడటం మానేసి రోడ్డు వైపు చూస్తున్నాను.

అప్పుడు యూనిట్ వ్యాన్ దుమ్ము లేపుకుంటూ వచ్చి గట్టు పక్కన ఆగింది. తలుపు తెరుచుకుని ఫైటర్ దూకాడు. నుదురు చీలి ఉంది. చెంప మీదుగా మెడ దాకా రక్తం. చొక్కా ఒక భుజం దగ్గర చిరిగి వేలాడుతోంది. గట్టు మీద ఆడవాళ్లు అమ్మో అన్నారు. అంపైర్ ఆట ఆపి, ముందు ఇతన్ని ఆస్పత్రికి తీసుకెళ్లండి అన్నారు.

"రక్తం కాదండీ, రంగు" అన్నాడు ఫైటర్, ఆయాసపడుతూ.

అంపైర్ నమ్మలేదు. దగ్గరికి వచ్చి వేలితో నుదుటి మీది గాయాన్ని తాకి చూశారు. అది ఒక పక్క ఊడి ఆయన వేలికి అంటుకుంది. మేనేజర్ గారు ఎక్కడినుంచో కొబ్బరినూనె సీసా, పాత గుడ్డ తెచ్చి ఆయనే కూర్చుని తుడిచారు. సికింద్రాబాద్ జట్టువాళ్లు కూడా చుట్టూ చేరి, చెవి వెనకాల ఇంకా ఉందని చూపించారు. ఆ నవ్వులో, ఆ గోలలో కొంతసేపు అది పోటీ అన్న సంగతి అందరూ మర్చిపోయాం.

తుడిచిన ముఖంతో అతను విసరడం మొదలుపెట్టాడు. నేను అనుకున్నట్టే పడ్డాయి బంతులు. కింద మూలకి, పక్క మూలకి, బ్యాటుకి అందీ అందనంత దూరంలో. సికింద్రాబాద్‌వాళ్లు తెలివైనవాళ్లు, వాళ్లూ రెండు పరుగులు చేశారు. మేము మూడు చేశాం. ఏడో ఇన్నింగ్స్, అంటే కొట్టే ఏడో వంతు, అదే చివరిది. పొద్దుటి నుంచి షూటింగులో అద్దాల మీద పడి లేచిన మనిషి కదా, ఫైటర్ అలసిపోయాడు. బంతులు మూలల నుంచి మధ్యలోకి జారుతున్నాయి. ఇద్దరు ఔటయ్యారు గాని, ఒకడు మూడో బేస్ దాకా చేరాడు. వాడు ప్లేటుకి చేరితే సమానం. కొట్టడానికి వచ్చింది వాళ్ల జట్టులోకల్లా పొడుగుమనిషి. అంతకు ముందు రెండుసార్లూ ఫైటర్ బంతిని బాదినవాడు.

నేను లేచి బ్యాంకాయన వైపు చూశాను. శనివారం విశ్రాంతి తీసుకున్నాడు, కొన్ని బంతులు వెయ్యగలడు.

"నన్నా అండీ" అన్నాడు.

"మిమ్మల్నే" అన్నాను.

ఈసారి మేనేజర్ గారు అడ్డుచెప్పలేదు. ఫైటర్ బంతిని ఆయన చేతిలో పెట్టి భుజం తట్టి వచ్చాడు. మొదటి బంతి తేలుతూ వెళ్లింది. పొడుగుమనిషి అంత వేగానికి అలవాటుపడ్డ చేతులతో ముందే ఊపేశాడు. రెండోదానికి కాచుకున్నాడు, కాచుకుని బాదాడు. అది మైదానం చివరిదాకా వెళ్లి, పక్క గీతకు బయట పడింది. ఈ ఆటలో అలా పడితే పరుగు లెక్కకు రాదు. మూడోది. ఆయన ఎప్పటిలాగే అరచేతిలోంచి వదిలాడు. పొడుగుమనిషి ఆగాడు, ఇంకా ఆగాడు, ఊపాడు. బంతి బ్యాటు పైఅంచుకి తగిలి నిట్టనిలువుగా ఆకాశంలోకి లేచింది.

అది ఎంతసేపు పైన ఉందో నాకు తెలియదు. కింద బ్యాంకాయన కళ్లజోడు సవరించుకుంటూ ఇటు ఒక అడుగు, అటు ఒక అడుగు వేస్తున్నాడు. మూడో బేస్ దగ్గరివాడు పరిగెత్తుకొచ్చేస్తున్నాడు. ఇంతలో ఫస్ట్ బేస్ వైపు నుంచి కేక వినిపించింది.

"సార్, జరుగున్రి. నాది."

తమ్ముడు పరిగెత్తుకుంటూ వచ్చి, ఎడమచేతి గ్లవ్ పైకెత్తి, బంతిని పట్టుకుని, ఆ ఊపులో బ్యాంకాయన్ని కూడా కావలించుకుని ఇద్దరూ కింద పడ్డారు. మూడో ఔట్, కప్పు మాది. నేను అరిచాను. గేమ్స్ టీచర్లా కాదు, గొంతు పోయేలా అరిచాను. గట్టు మీది జనమంతా మైదానంలోకి వచ్చేశారు. ఫైటర్ ఇద్దరినీ లేవదీసి, బ్యాంకాయన్ని భుజాల మీద ఎక్కించుకున్నాడు. ఆయన పైనుంచి, కళ్లజోడండీ, కళ్లజోడు పడిపోయింది అంటున్నాడు గాని వినేవాళ్లు లేరు.

మా జట్టు ఇంకో రెండేళ్లు ఆడింది. బ్యాంకాయనకు తరవాతి ఏడు బదిలీ అయింది. ఫైటర్ షూటింగ్ లేని రోజులన్నీ మాతోనే ఉన్నాడు. ఆ శనివారం భుజం రుద్దుకున్న అంపైర్ తమ్ముడి పేరు రాష్ట్ర జట్టు ఎంపికకు పంపించారు. అతను ఆటోని బావమరిదికి అప్పగించి క్యాంపుకి వెళ్లాడు. ఉత్తరాదిలో ఎక్కడో పోటీలు జరుగుతున్నాయని మాత్రమే నాకు తెలుసు.

ఒక మధ్యాహ్నం, ఇంటర్వెల్‌లో, స్కూల్ ఆఫీసుకి ఫోన్ వచ్చిందని ప్యూన్ వచ్చి పిలిచాడు. పరిగెత్తుకుని వెళ్లాను. లైన్‌లో గరగర, చుట్టూ పిల్లల గోల. ఒక చెవి మూసుకుంటే గాని వినిపించలేదు.

"అక్కా, రేపు నన్నే మొదలువెట్టమన్నరు. మొదటి మ్యాచ్. మొదటి బాల్ నాదే."

నేను వెంటనే చెయ్యి ఎలా ఉందని అడిగాను. మంచిగుంది అన్నాడు. అవతలి జట్టు ఎలా కొడుతుందో చూశావా అన్నాను. నిన్న పొద్దుమీకి పొయ్యి వాళ్ల ప్రాక్టీస్ చూసొచ్చిన, ఎడమచేతోళ్లు ముగ్గురున్నరు, వాళ్లకు కిందికేస్త అన్నాడు. గంట కొట్టారు, పిల్లలు తరగతుల్లోకి వెళ్తున్నారు, హెడ్మిస్ట్రెస్ గది తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తున్నారు. నేను ఇంకా అడుగుతూనే ఉన్నాను, అతను చెబుతూనే ఉన్నాడు.